హై పివోట్ డౌన్‌హిల్ సైకిళ్లు: వెనక బ్రేకు ఎక్కడ బిగించారో చూసి కొనండి

డౌన్‌హిల్ సైకిలు అంటే కొండ దిగడానికే చేసింది. వెనక చక్రాన్ని పట్టే స్వింగ్ ఆర్మ్ ఫ్రేముకు తగిలి ఊగే కీలును పివోట్ అంటారు, అది యాక్సిలు కంటే బాగా పైన ఉంటే హై పివోట్. కొనబోయే డౌన్‌హిల్ సైకిలుకు ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. బండిని స్టాండుకు ఎక్కించి వెనక షాకు బోల్టు ఒకటి విప్పి షాకును పక్కకు తప్పించండి. వెనక బ్రేకు లివరు పట్టి రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు చుట్టండి, చక్రం కదలకూడదు. చక్రం నేల తాకే చోట, అంటే టైరు అడుగున, చాక్‌పీసుతో ఒక గీత గీయండి. ఇప్పుడు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పైకెత్తుతూ ఆ గీత ఎటు పోతోందో చూడండి. పైకి పోవడం ఎలాగూ పోతుంది. వెనక్కి ఎంత జరుగుతోందన్నదే అసలు సంగతి. 10 మి.మీ. ఎత్తినప్పుడు గీత 13 మి.మీ. వెనక్కి పోయిందంటే బ్రేకు పట్టగానే ఆ బండి వెనక భాగం చతికిలబడుతుంది. 4 మి.మీ. దగ్గర ఆగిందంటే బ్రేకు పట్టినా సస్పెన్షన్ తన పని తాను చేసుకుపోతుంది.

కారణం ఇది. బ్రేకు పడ్డాక టైరును వెనక్కి లాగేది నేల. సస్పెన్షన్ అణిగేటప్పుడు టైరు అడుగు కూడా వెనక్కే జరిగే అమరిక అయితే, నేల లాగుడు సస్పెన్షన్‌ని అణిచే బలమైపోతుంది. దీన్ని యాంటీ రైజ్ అంటారు, శాతాల్లో చెబుతారు. వంద శాతం దగ్గరుంటే బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వెళ్లినా వెనక భాగం లేవదు, అణగదు. అంతకంటే తక్కువైతే వెనక లేస్తుంది, ఎక్కువైతే కూర్చుంటుంది.

ఆ గీత వెనక్కి జరగడంలో రెండు భాగాలున్నాయి. యాక్సిలే వెనక్కి పోవడం ఒకటి. క్యాలిపర్ (డిస్కును నొక్కి పట్టే బ్రేకు భాగం) స్వింగ్ ఆర్మ్ మీదే బిగించి ఉంటే ఆర్మ్‌తో పాటు చక్రం కూడా కొంత తిరగడం రెండోది. పివోట్ కింద ఉన్న బండిలో యాక్సిలు పెద్దగా వెనక్కి పోదు, తిరుగుడు భాగమే ఉంటుంది. హై పివోట్ బండిలో రెండూ ఒకే వైపు కలుస్తాయి. చేత్తో లెక్క వేసుకోవచ్చు. 29 అంగుళాల చక్రానికి యాక్సిలు ఎత్తు 370 మి.మీ. అనుకోండి. పివోట్ యాక్సిలుకు 400 మి.మీ. ముందు, నేల నుంచి 520 మి.మీ. ఎత్తులో ఉందనుకోండి. 520ని 400తో భాగిస్తే 1.3. వీల్‌బేసు (రెండు యాక్సిళ్ల మధ్య దూరం) 1250, మనిషితో కలిపి బరువు కేంద్రం ఎత్తు 1100 అనుకుంటే 1.3ని 1250తో గుణించి 1100తో భాగించాలి, 148 శాతం వస్తుంది. అదే పివోట్ 420 ముందు, 400 ఎత్తులో ఉంటే 108 శాతం. హై పివోట్ అలాగే ఉంచి, క్యాలిపర్‌ను స్వింగ్ ఆర్మ్‌కు సమాంతరంగా నడిచే విడి రాడ్డుతో ఫ్రేముకు కట్టేస్తే తిరుగుడు భాగం పోయి యాక్సిలు భాగం ఒక్కటే మిగులుతుంది. అప్పుడు 43 శాతం. ఫ్రేము అదే, షాకు అదే, మారింది క్యాలిపర్ చోటు ఒక్కటే.

ఈ రాడ్డు కొత్త వింత కాదు. డ్రమ్ము బ్రేకు ఉన్న ఏ కమ్యూటర్ బండి వెనక చక్రం దగ్గర వంగి చూసినా బ్రేకు ప్లేటును తిరక్కుండా పట్టుకునే ఇనుప పట్టీ ఒకటి కనబడుతుంది. మెకానిక్కులు దాన్ని టార్క్ రాడ్డు అంటారు. దాని ముందు చివర స్వింగ్ ఆర్మ్‌కు బిగించి ఉంటుంది. ఆ చివరను విప్పి ఫ్రేముకు బిగిస్తే అదే ఫ్లోటింగ్ బ్రేకు. డౌన్‌హిల్ సైకిళ్లలో చేసేది ఇదే పని, సన్నగా, అల్యూమినియంతో.

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల గుట్టల్లో ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే నేల అలాంటిది. చంద్రగిరి వైపు గుట్టలు గ్రానైటు బండలు. బండ పొరలు పొరలుగా ఊడి, పైన గరుసు పరుచుకుని ఉంటుంది. గట్టి నేల మీద గోలీలు చల్లినట్టు. అక్కడ టైరు పట్టు నేల మీద కన్నా సస్పెన్షన్ కదలిక మీదే ఎక్కువ ఆధారపడుతుంది. బ్రేకు పట్టిన క్షణంలో వెనక భాగం అణిగి బిగుసుకుపోతే ఆ గరుసు మీద చక్రం గెంతుతుంది, లాక్ అవుతుంది, జారుతుంది. మెత్తటి మట్టి ట్రాకుల్లో 148 శాతం ఉన్నా నడిచిపోతుంది, ఇక్కడ నడవదు.

అలాగని సున్నాకు తెచ్చేయడం కూడా తప్పే. నిట్టనిలువు బండ దిగేటప్పుడు బ్రేకు పట్టగానే ఫోర్కు అణుగుతుంది. అదే సమయంలో వెనక లేచిందంటే హెడ్ యాంగిల్ (ఫోర్కు వాలు) నిటారై, మనిషిని హ్యాండిల్ మీదుగా ముందుకు తోసినట్టుంటుంది. 43 శాతం బండి ఎక్కినవాళ్లు మొదట చేసే ఫిర్యాదు ఇదే. మందు కూడా ఉంది. ఫోర్కులో లో స్పీడ్ కంప్రెషన్ (మెల్లగా అణగడాన్ని అడ్డుకునే సర్దుబాటు) రెండు క్లిక్కులు పెంచండి, వెనక షాకు రీబౌండు (అణిగాక తిరిగి లేచే వేగం) ఒక క్లిక్కు నెమ్మది చేయండి. ఈ గుట్టలకు 60 నుంచి 90 శాతం మధ్య ఉన్న బండి హాయి.

మరి బ్రేకు దగ్గర ఇంత తలనొప్పి ఉంటే హై పివోట్ ఎందుకు? రాయి తగిలినప్పుడు చక్రం వెనక్కి తప్పుకోవడానికి. పైన చెప్పిన కొలతల్లోనే, హై పివోట్ బండిలో 150 మి.మీ. ట్రావెల్ అయ్యేసరికి యాక్సిలు 27 మి.మీ. వెనక్కి పోతుంది, తర్వాత కొద్దిగా ముందుకు మళ్లుతుంది. కింది పివోట్ బండిలో 200 మి.మీ. అయ్యేసరికి యాక్సిలు బయలుదేరిన చోటు కంటే 35 మి.మీ. ముందుకు వచ్చేస్తుంది, అంటే రాయికి ఎదురెళ్తుంది. మెట్టులా నిలబడ్డ రాయి వరసగా నాలుగైదు వస్తే రెండో బండి వేగం ప్రతి రాయికీ కొంత కరిగిపోతుంది. మొదటిది గట్టు దాటిన ఎద్దుబండిలా ఒక్క ఊపుతో పోతుంది.

చక్రం వెనక్కి పోతే చెయిను కూడా సాగాలి కదా. సెంటర్ యాక్సిలు (పెడళ్లు తిరిగే ఇరుసు) నుంచి వెనక యాక్సిలు దూరం హై పివోట్‌లో 150 మి.మీ. ట్రావెల్‌కు దాదాపు 57 మి.మీ. పెరుగుతుంది. కింది పివోట్‌లో 17 మి.మీ. మాత్రమే. 57 మి.మీ. చెయిను అంటే 34 పళ్ల చెయిన్‌రింగును 45 డిగ్రీలకు పైనే వెనక్కి తిప్పగలదు. కాలి కింద పెడల్ తన్నేస్తుంది. అందుకే పివోట్ పక్కనే ఐడ్లర్ అనే చిన్న పళ్ల చక్రం పెట్టి చెయిను పై వరసను దాని మీదుగా తీసుకెళ్తారు. ఐడ్లర్ పివోట్‌కు ఎంత దగ్గరుంటే పెడల్ తన్నుడు అంత తక్కువ. కెనడాకు చెందిన బాల్ఫా కంపెనీ బిబి7 మోడల్‌లో ఎప్పుడో చేసి చూపించింది ఇదే.

ఇక బండ్ల సంగతి. అండోరా కంపెనీ కొమెన్సాల్ వారి సుప్రీమ్ డిహెచ్ వి4 హై పివోట్‌ను మళ్లీ అందరి నోట పలికించిన బండి. 2018లో అమోరీ పియరాన్ ప్రపంచ కప్ మొత్తం టైటిల్ గెలిచింది కొమెన్సాల్ మీదే. ఇందులో స్వింగ్ ఆర్మ్ ఊగే పివోట్ ఒక్కటే, క్యాలిపర్ స్వింగ్ ఆర్మ్ మీదే. అంటే చాక్‌పీసు పరీక్షలో గీత బాగా వెనక్కి పోయే జాతి. గుంతల్లో, రాళ్లలో దీనికి ఎదురులేదు, బ్రేకు వదిలి ఉన్నంతసేపూ. కొండల్లో రేసులాడేవాళ్లు రాళ్ల గుంపుకు ముందే బ్రేకు పట్టి, గుంపులో వదిలేస్తారు. ఆ అలవాటు ఉంటే ఇదే కొనండి. భయమేసినప్పుడల్లా వెనక బ్రేకు ఈడ్చుకుంటూ దిగే అలవాటు ఉంటే (మనలో చాలామందికి ఉన్నదే) ఈ బండి పైసలకు న్యాయం జరగదు.

ట్రెక్ సెషన్ 2021లో హై పివోట్‌కు, ఐడ్లర్‌కు మారింది. కానీ ట్రెక్ తన పాత ఏబీపీ అమరికను వదల్లేదు. చెయిన్‌స్టే, సీట్‌స్టే (వెనక చక్రాన్ని పట్టే కింది, పై గొట్టాలు) రెండూ వెనక యాక్సిలు చుట్టూనే మడుస్తాయి, క్యాలిపర్ సీట్‌స్టే మీద ఉంటుంది. అంటే ఫ్లోటింగ్ బ్రేకును విడి రాడ్డుగా తగిలించకుండా ఫ్రేములోనే కలిపేశారు. ఊడే రాడ్డు లేదు, గలగల శబ్దం లేదు. గరుసు నేలకు, బ్రేకు ఎక్కువ వాడేవాళ్లకు ఈ రెండింటిలో సెషనే మేలు. దాని బలహీనత యాక్సిలు చుట్టూ ఉన్న బేరింగులే, ఆ మాట కిందకు వస్తుంది.

ఐడ్లర్ అసలే వద్దనుకుంటే శాంటా క్రూజ్ వి10 ఉంది. రెండు చిన్న లింకులు ఎదురెదురుగా తిరిగే విపిపి అమరిక, క్యాలిపర్ వెనక ట్రయాంగిల్ మీద. 2021లో ఇటలీలోని వాల్ డి సోలె ప్రపంచ చాంపియన్‌షిప్‌లో గ్రెగ్ మినార్ దీని మీదే గెలిచాడు. అదే పోటీలో మహిళల టైటిల్ మిరియం నికోల్ తెచ్చుకుంది కొమెన్సాల్ మీద. ఒకే ట్రాకు, రెండు విరుద్ధమైన డిజైన్లు, రెండింటికీ ప్రపంచ చాంపియన్‌కిచ్చే ఇంద్రధనుస్సు రంగుల జెర్సీ. కాబట్టి అంగట్లో ఎవరైనా "హై పివోట్ కాకపోతే దండగ సార్" అంటే నవ్వి ఊరుకోండి.

ఇక పాత ఫ్రేముకు విడిగా తగిలించే ఫ్లోటింగ్ బ్రేకు కిట్టు. సెకండ్‌హ్యాండ్ అమ్మకాల్లో అప్పుడప్పుడూ కనిపిస్తుంది. ఇందులో మూడు భాగాలు: యాక్సిలు చుట్టూ తిరిగే క్యాలిపర్ పట్టీ, పొడవు సర్దుకునే రాడ్డు, ఫ్రేము మీద బిగించే బ్రాకెట్టు. కొనేముందు రాడ్డును ఒక చేత్తో, పట్టీని ఇంకో చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఆడించండి. రాడ్డు చివర్ల ఉండే గోళీ కీళ్లలో టకటకమన్నదంటే అవి అరిగాయి. అర మిల్లీమీటరు లూజున్నా బ్రేకు పట్టినప్పుడు క్యాలిపర్ ముందుకు తన్ని, వదిలినప్పుడు వెనక్కి వచ్చి, బండ మీద దిగుతుంటే గిలక మోగినట్టు మోగుతుంది. ఆ గోళీ కీళ్లు మామూలు ఇంజినీరింగ్ సామాన్ల కొట్లలో దొరికేవే. బోల్టు రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో, మర కుడి వైపుదో ఎడమ వైపుదో చూసి తెచ్చుకోండి. రెండు చివర్లకూ ఒకే వైపు మర తెస్తే రాడ్డు తిప్పి పొడవు సర్దడం కుదరదు.

రాడ్డు బిగించేటప్పుడు స్వింగ్ ఆర్మ్‌కు సమాంతరంగా ఉండాలి. యాక్సిలు నుంచి పట్టీ మీది కీలు దూరమెంతో, ఫ్రేము వైపు పివోట్ నుంచి బ్రాకెట్టు కీలు దూరమూ అంతే ఉంటే సరిపోతుంది. బ్రాకెట్టు అందక దూరం తగ్గించి బిగిస్తే రెండు గీతలూ ముందు ఎక్కడో కలుస్తాయి, యాంటీ రైజ్ మళ్లీ మారిపోతుంది. తగ్గించామనుకుని పెంచుకునే ప్రమాదం ఉంది. బిగించాక చాక్‌పీసు పరీక్ష మళ్లీ చేయండి. లేత్ వర్కు షాపులో బ్రాకెట్టు చేయించుకోవచ్చు. కానీ ఫ్రేము ట్యూబుకు వెల్డింగు మాత్రం పెట్టించకండి. అల్యూమినియం ఫ్రేము వెల్డింగు వేడికి మెత్తబడుతుంది, తర్వాత తగిన హీట్ ట్రీట్‌మెంట్ లేకపోతే ఆ చోటే విరుగుతుంది. బ్రేకు లాగుడంతా పడేది సరిగ్గా అక్కడే.

బ్రేకు హోసు సంగతి చాలామంది మరిచిపోతారు. ఫ్లోటింగ్ అమరికలో క్యాలిపర్‌కూ స్వింగ్ ఆర్మ్‌కూ మధ్య కోణం ట్రావెల్ పొడవునా మారుతూ ఉంటుంది. పైన చెప్పిన కొలతల్లో అది 27 డిగ్రీలు. హోసును స్వింగ్ ఆర్మ్‌కు క్యాలిపర్ దాకా బిగించి కట్టేస్తే, సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు బాంజో బోల్టు (హోసును క్యాలిపర్‌కు కలిపే బోల్టు) దగ్గర మడత పడుతుంది. షాకు తీసేసి ఉన్నప్పుడే హోసుకు గుండ్రంగా కాస్త వదులు ఇచ్చి, చక్రాన్ని రెండు చివర్ల దాకా కదిలించి, ఎక్కడా లాగడం, టైరుకు రాసుకోవడం లేవని చూసుకుని ట్యాగు వేయండి.

ఇప్పుడు ఐడ్లర్. ఎండాకాలం గరుసు దుమ్ము చెయిను నూనెకు అంటుకుని ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. మొదట అరిగేది ఐడ్లరే, ఎందుకంటే చెయిన్‌రింగు కన్నా పళ్లు తక్కువ, చుట్లు ఎక్కువ. పళ్లు సొర చేప రెక్కలా ఒక వైపుకు వాలాయంటే మార్చేయాలి. ఆగితే చెయిను ఎక్కి దిగుతుంది, బండ మీద తొక్కుతుంటే కటకటమంటుంది. వారానికొకసారి తొక్కేవాళ్లు చెయిను తీసి ఐడ్లర్‌ను వేలితో తిప్పి చూడాలి. గరగరమంటే బేరింగు పోయినట్టే. పాత బేరింగు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి రాసుకుని బేరింగుల కొట్టుకు వెళ్లండి. 6900 అయితే 10, 22, 6. 6901 అయితే 12, 24, 6. 6902 అయితే 15, 28, 7. ఐడ్లర్‌కు రెండు వైపులా రబ్బరు సీలున్న మామూలు బేరింగు చాలు, గుండ్రంగా తిరిగేదే కాబట్టి. స్వింగ్ ఆర్మ్ పివోట్‌కు మాత్రం అది చాలదు. అక్కడ బేరింగు పూర్తిగా తిరగదు, కొన్ని డిగ్రీలే ఊగుతుంది. అవే గోళీలు అవే చోట్ల దెబ్బ తిని లోపల గుంటలు పడతాయి. గోళీలను విడివిడిగా పట్టే కేజ్ (చట్రం) లేకుండా గోళీలు నిండా ఉన్న రకం అడగండి. కొట్టులో లేకపోతే తెప్పించమనండి, మామూలుది వేసి సర్దుకోకండి. సెషన్ యాక్సిలు బేరింగులకు కూడా ఇదే మాట. చక్రం తీసినప్పుడల్లా చివరలు తుడిచి పల్చగా గ్రీజు పట్టించండి.

ఐడ్లర్ బండికి చెయిను కూడా పొడవే. మామూలు పెట్టెలో వచ్చే 116 లేదా 118 లింకులు చాలకపోవచ్చు. 126 లింకుల పెట్టె అడగండి, లేదా అదే కంపెనీ, అదే స్పీడ్ చెయిను రెండోది కొని కొసరు కలపండి. ఆ కలిపే చోట క్విక్ లింకు వాడండి, పిన్ను కొట్టకండి.

బ్రేకు వైపు వస్తే, డౌన్‌హిల్ బండిలో వెనక ప్యాడ్లు ఎక్కువ రోజులు రావు. బండి బరువుకు 203 మి.మీ. డిస్కు వెనక కూడా వేసుకోవడమే మంచిది. షిమానో డిస్కు కొత్తప్పుడు 1.8 మి.మీ., 1.5కు వచ్చిందంటే మార్చాలి. శ్రామ్‌వి 200 మి.మీ., షిమానోవి 203 మి.మీ. ఈ రెండింటి అడాప్టర్లు ఒకదానికొకటి వాడేస్తే ప్యాడు ఒకటిన్నర మి.మీ. పైకో కిందకో పోయి, అరిగే కొద్దీ అంచున గట్టు కట్టి, చివరికి రెండు ప్యాడ్ల గట్లు ఒకదానికొకటి తగిలి బ్రేకే పట్టదు. ఇక్కడి వేడికి, గరుసు దుమ్ముకు సింటర్డ్ (లోహపు పొడితో చేసిన) ప్యాడ్లే వేయండి. అరుస్తాయి, అరవనివ్వండి.

నూనె విషయంలో పొరపాటుకు తావులేదు. షిమానోకు మినరల్ ఆయిల్. శ్రామ్ పాత మోడళ్లు ఎక్కువగా డాట్ ద్రవానివి. కొత్తవాటిలో మినరల్ ఆయిల్‌వి కూడా ఉన్నాయి కాబట్టి లివరు మీద రాసింది చదవండి. ఒకదాని బదులు ఇంకోటి పోస్తే సీళ్లు ఉబ్బి లివరు ఇరుక్కుపోతుంది. డాట్ 5.1 కొత్తగా ఉన్నప్పుడు 260 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక 180 దగ్గరే మరగొచ్చు. మోటారు సైకిలు షాపుల్లో దొరికే డాట్ 4కు ఈ అంకెలు 230, 155. ఈశాన్య రుతుపవనం వానలు అయిపోయాక, అంటే సంక్రాంతి లోపు, ఏటా ఒకసారి పాతది తీసేసి కొత్తది ఎక్కించండి. పాత సీసా మూత తెరిచి ఆరు నెలలైతే అది పారేసినా నష్టం లేదు.

ఎక్కడ తొక్కాలన్నది విడి సమస్య. శేషాచలం అడవి రిజర్వు ఫారెస్టు, ఎర్రచందనం కాపలా ఉంటుంది. అనుమతి లేకుండా లోపల సైకిలుతో కనబడితే మీ ఐడ్లర్ సంగతి ఎవరూ వినరు. ఊళ్ల పక్కన ఉన్న గుట్టలే దిక్కు, అక్కడా భూమి ఎవరిదో అడిగి దిగండి. హార్స్‌లీ కొండ తారురోడ్డు మీద దిగడానికే అయితే పైన చెప్పినదేదీ అవసరం లేదు. మంచి డిస్కు బ్రేకులున్న హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని సైకిలు) చాలు, ఆ డబ్బులతో ప్యాడ్లు పదేళ్లకు సరిపడా కొనుక్కోవచ్చు. పల్లేరుకాయలు, తుమ్మ ముళ్లు మాత్రం ఏ బండినీ వదలవు. ట్యూబ్‌లెస్ చేయించి సీలెంటు పోయించండి, రెండు నెలలకోసారి, మే నెలలో తప్పకుండా, ఎండిందేమో విప్పి చూడండి.

చివరిగా బోల్టులు. కొత్త ఫ్రేము ఏదైనా మొదటి రెండు రైడ్ల తర్వాత పివోట్ బోల్టులు, ఐడ్లర్ బోల్టు, క్యాలిపర్ బోల్టులు టార్క్ రెంచితో మళ్లీ చూడాలి. షిమానో క్యాలిపర్ బోల్టులకు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. పివోట్ బోల్టు అంకె ఫ్రేము కంపెనీ కాగితం మీద ఉంటుంది, దాన్ని చూసే బిగించండి. బిగించిన ప్రతి బోల్టు తల మీద నుంచి ఫ్రేము మీదికి పెయింటు పెన్నుతో ఒక సన్న గీత లాగితే, తర్వాత కొండ కింద నిలబడి కళ్లతోనే ఏది వదులైందో చెప్పేయొచ్చు. ఐడ్లర్ బోల్టు మీద గీత తప్పిందంటే మళ్లీ ఎక్కకండి. అది ఊడితే చెయిను పోయి చక్రంలో పడుతుంది.